గుర్రానికి ముందే తెలుసు

అందరికీ నమస్కారం.

చారిత్రక ప్రేమకథలు చదివేవాళ్ళకి ఈ కథ కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లాండు. ఒక అమ్మాయి జుట్టు కత్తిరించుకుని, తమ్ముడి బట్టలు తొడుక్కుని, పందెపు గుర్రాల లాయంలో కుర్రాడిగా పనికి చేరుతుంది. లాయం యజమాని, చాలాసార్లు ఎవరో ఒక ప్రభువు, ఆ కుర్రాడి పని చూసి ఆగిపోతాడు. అక్కణ్ణుంచి కథ ఎటు పోతుందో మీ అందరికీ తెలుసు.

ఈ కథలు నేను ఏళ్ళ తరబడి చదువుతున్నాను, ఇష్టంగా చదువుతున్నాను. "అంతమంది మగవాళ్ళ మధ్య ఒక ఆడపిల్ల దొరక్కుండా ఎలా ఉంటుందండీ? నమ్మేలా ఉందా?" అని నన్ను చాలామంది అడిగారు. నాకు ఆ ప్రశ్న మీద కోపం లేదు. దానికి జవాబు వెతుక్కుంటూనే నేను గుర్రప్పందేల చరిత్రలోకి వెళ్ళాను. వెళ్ళాక తెలిసింది, నమ్మలేని సంగతి వేషం కాదని. ఆ వేషం 1966 దాకా నడిచింది. నమ్మడానికి కష్టమైనది అదీ. దాని గురించి చెప్పడానికే ఈరోజు వచ్చాను. కానీ ముందు లాయంలోకి వెళ్దాం. లాయం తెలియకుండా ఈ కథ అర్థం కాదు.

న్యూమార్కెట్ అనుకోండి. రెండో చార్లెస్ రాజు స్వయంగా గుర్రమెక్కి పందెం కట్టిన ఊరు. ఆయన ముద్దుపేరు మీదే అక్కడి పందెపు మైదానం రౌలీ మైల్‌కి ఆ పేరు వచ్చింది. 1750 ప్రాంతంలో జాకీ క్లబ్ పుట్టింది. పేరు జాకీ క్లబ్ గానీ అందులో ఉన్నది పందెంలో స్వారీ చేసే జాకీలు కాదు, గుర్రాలున్న పెద్దమనుషులు. మెల్లగా ఇంగ్లాండులో పందేల నియమాలన్నీ వాళ్ళ చేతిలోకి వచ్చాయి. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

లాయం కుర్రాడి రోజు చీకటితోనే మొదలవుతుంది. పడుకునేది లాయం పైన అటకలో. దిగగానే గుర్రానికి ఓట్స్ మేత, తర్వాత పాత గడ్డి తీసి కొత్తది పరచడం, తర్వాత మైదానానికి. ఒక్కో కుర్రాడికి రెండు మూడు గుర్రాలు అప్పగిస్తారు. మేత, మాలిష్, స్వారీ అన్నీ అతనే. ఆ రోజుల్లో శిక్షణ చాలా కఠినం. గుర్రానికి దుప్పటి మీద దుప్పటి కప్పి నాలుగు మైళ్ళు పరిగెత్తించి, కారిన చెమటని చెక్క బద్దతో గీకి తీసేవాళ్ళు. పొట్ట శుభ్రం కావాలని ముసాంబరం ఉండలు మింగించేవాళ్ళు. చదువుతుంటే నాకు ఆ గుర్రాల మీద జాలి వేసింది. కానీ అప్పటివాళ్ళు దాన్నే మంచి శిక్షణ అని నమ్మారు. మన కథానాయిక కూడా అదే చెయ్యాలి. ఇవాళ్టి మనసుని ఆమెకి తొడిగితే కథ చెడిపోతుంది.

మాలిష్ చేసేటప్పుడు ఇంగ్లీషు గుర్రాలవాళ్ళు పళ్ళ సందున "స్‌స్‌స్" అని ఒక శబ్దం చేస్తారు. దుమ్ము నోట్లోకి పోకుండా ఉంటుంది, గుర్రమూ నెమ్మదిగా నిలబడుతుంది. గడ్డి మెలి తిప్పి చేసిన ముద్దతో మెడ నుంచి తొడ దాకా రుద్దుకుంటూ పోవాలి. చివర అరచేత్తో కాళ్ళు తడమాలి. మోకాలి కింద నరం దగ్గర కాస్త వేడి తగిలినా ఆ రోజు దౌడు బంద్. కంటికి కనపడని ఆ వేడిని పట్టగలిగే చేతికే లాయంలో విలువ.

ఇప్పుడు ఆ ప్రశ్నకి వద్దాం. దొరక్కుండా ఎలా ఉంటుంది? నేను చెప్పే మొదటి జవాబు: లాయం కుర్రాణ్ణి ఎవరూ చూడరు. ప్రభువు చూసేది గుర్రాన్ని. పక్కన పగ్గం పట్టుకున్నవాడు ఒక టోపీ, ఒక జత బూట్లు, అంతే. పైగా అక్కడ పిల్లలే ఎక్కువ. మీసం రాని ముఖం, సన్నని గొంతు, తేలికైన ఒళ్ళు అక్కడ అనుమానం పుట్టించవు. తేలికైన ఒళ్ళు అయితే అక్కడ వరం. బరువు దించుకోవడానికి జాకీలు బట్టల మీద బట్టలు తొడుక్కుని మైళ్ళకొద్దీ నడిచేవాళ్ళు, విరేచనాల మందులు తాగేవాళ్ళు.

చరిత్రలో ఇంతకంటే కష్టమైన వేషాలు నిలిచాయి. రష్యాలో నదేజ్దా దురోవా 1806లో తన బట్టలు నది ఒడ్డున వదిలేసి, మునిగిపోయానని ఇంట్లోవాళ్ళు అనుకునేలా చేసి, అల్కీద్ అనే తన గుర్రమెక్కి వెళ్ళి అశ్వికదళంలో చేరింది. నెపోలియన్ మీద యుద్ధాల్లో పోరాడింది. సంగతి తెలిశాక కూడా జార్ చక్రవర్తి ఆమెని సైన్యంలోనే ఉంచి ఒక మగపేరు ఇచ్చాడు. రుద్రదేవ మహారాజు అన్న పేరుతో రాజ్యమేలిన రుద్రమని తలుచుకునే మనకి ఇది మరీ అంత వింతగా అనిపించనక్కర్లేదు.

దొరికిపోయేది మనుషుల దగ్గరే, గుర్రం దగ్గర కాదు. గుర్రానికి కళ్ళు పక్కలకి ఉంటాయి. సరిగ్గా ముక్కు ముందు, సరిగ్గా తోక వెనక దానికి కనపడదు. అందుకే పని తెలిసినవాళ్ళు భుజం వైపు నుంచి, మాట్లాడుతూ వస్తారు. గుర్రం మనిషిని అడుగు చప్పుడుతో, వాసనతో, గొంతుతో, చేతి బరువుతో కూడా పోల్చుకుంటుంది. టోపీ ఉందా లంగా ఉందా అన్నది దానికి అక్కర్లేదు. ఈ కథల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. లోకమంతా ఆమెని మరొకరనుకుంటోంది. రోజుకి రెండుసార్లు, లాయం తలుపు వేసుకున్నాక, ఒక ప్రాణి మాత్రం ఆమెని ఆమెగానే ఎరుగును.

మరి వేషం దేనికి? అప్పట్లో ఆడవాళ్ళు గుర్రమెక్కలేదా? ఎక్కారు. 1804 ఆగస్టులో యార్క్‌లో అలీషియా థార్న్‌టన్ అనే యువతి కెప్టెన్ ఫ్లింట్ అనే ఆయనతో నాలుగు మైళ్ళ పందెం వేసింది. ఆమె గుర్రం పేరు వింగరిల్లో. లక్షమంది వచ్చారని ఆనాటి పత్రికలు రాశాయి. మూడు మైళ్ళ దాకా ఆమే ముందుంది, చివర ఓడిపోయింది. మరుసటి ఏడాది అదే యార్క్‌లో ఫ్రాంక్ బకిల్‌ని సగం మెడ తేడాతో ఓడించింది. బకిల్ అంటే మామూలు జాకీ కాదు, తన జీవితంలో క్లాసిక్స్ అనే పెద్ద రేసులు 27 గెలిచినవాడు. నిజమే, ఆ రోజు ఆయన ఆమెకంటే నాలుగు స్టోన్ల బరువు ఎక్కువ మోశాడు, అంటే 25 కిలోలు. అయినా రెండు మైళ్ళు పూర్తి దౌడు మీద స్వారీ చేయడం ఆట కాదు. అందులోనూ ఒక పక్కకి కూర్చునే ఆడవాళ్ళ జీను మీద. ఎడమ తొడని పై నుంచి పట్టి ఉంచే అదనపు కొమ్ము ఆ జీనుకి రావడం 1830 ప్రాంతంలో. అలీషియా కాలానికి అది లేదు. ఆ దౌడంతా ఒంటి తూకం మీదే ఆధారపడి చేసింది.

అయితే అలీషియా చేసింది ఒక రోజు వేడుక. ఒక ఆడమనిషి ఒక రోజు ప్రదర్శనకి దిగితే లక్షమంది చూస్తారు. అదే ఆడమనిషి రోజూ తెల్లారి లేచి, గుర్రాన్ని మేపి, నడిపి, పందేనికి తయారు చేసి, ఈ పని నాది అంటే ఒప్పుకోరు. మన అమ్మాయికి కావాల్సింది ఆ రోజువారీ పని. అందుకే వేషం. మొదటిసారి రెండు కాళ్ళూ రెండు వైపులా వేసి జీను మీద కూర్చున్న క్షణాన్ని కొందరు రచయిత్రులు ఎంత బాగా రాస్తారో! గుర్రం ఊపిరి తీస్తుంటే డొక్కలు రెండూ తన పిక్కలకి తగలడం ఆమెకి ఆరోజే తెలుస్తుంది.

ఇలాంటి కథ నేనైతే ఎలా కట్టుకుంటానో చెప్తాను. తండ్రి ఒక ఆడ గుర్రప్పిల్లని పుట్టినప్పటి నుంచి పెంచాడు. ఎప్సమ్‌లో ఓక్స్ రేసుకి పేరు కట్టాడు. ఓక్స్ మూడేళ్ళ ఆడ గుర్రాల రేసు, 1779లో మొదలైంది. అక్కడే జరిగే ఇంకో రేసు డెర్బీ మరుసటి ఏడాది వచ్చింది. గుర్రప్పిల్ల శిక్షణకి ఒక ప్రభువు లాయంలో ఉంది. ఇంతలో తండ్రికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. గుర్రప్పిల్ల కొత్త మనిషిని దగ్గరికి రానివ్వదు. కూతురు మగబట్టల్లో వెళ్ళి దాని కుర్రాడిగా చేరుతుంది.

ఇక్కడ టెన్షన్ దేనికంటే, పందేల్లో ఒక పాత నియమం ఉండేది. పేరు కట్టిన యజమాని చనిపోతే ఆ ఎంట్రీ చెల్లదు. గుర్రం ఎంత గొప్పదైనా రేసులో నిలబడనివ్వరు. ఆ నియమాన్ని 1929లో గానీ తీసెయ్యలేదు. అంటే మంచం మీద తండ్రి ఊపిరికి, లాయంలో గుర్రప్పిల్ల భవిష్యత్తుకి ఒకటే దారం. ఇంటి నుంచి ఉత్తరం వచ్చిందంటే ఆ అమ్మాయి గుండె ఆగిపోతుంది. నేనైతే ఆ తండ్రిని బతికించుకుంటాను. పందెం కోసం చావుని దాచే పరిస్థితి ఆమెకి రానివ్వను. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ఇప్పుడు దారి. అప్పటికి రైళ్ళు లేవు. 1836లో లార్డ్ జార్జ్ బెంటింక్ తన ఎలిస్ అనే గుర్రాన్ని బండిలో ఎక్కించి డాంకాస్టర్ పంపించేదాకా పందెపు గుర్రాలు ఎంత దూరమైనా మామూలుగా నడిచే వెళ్ళేవి. బండిలో వెళ్ళిన ఎలిస్ అలసట లేకుండా దిగి అక్కడి సెయింట్ లెజర్ రేసు గెలిచేసింది. కానీ మన కథ 1812లో. న్యూమార్కెట్ నుంచి ఎప్సమ్‌కి 70, 80 మైళ్ళు. పగ్గం పట్టుకుని రోజుల తరబడి నడక, రాత్రిళ్ళు సత్రాల్లో మకాం. ప్రేమ పుట్టడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తోచదు. యజమాని తన గుర్రం మీద, ఆమె తన గుర్రప్పిల్ల పక్కన నడుస్తూ. వాన, బురద, ఊడిన లాడం, దొరకని కమ్మరి. లాయంలో యజమాని, పనివాడుగా ఉన్న ఇద్దరు దారిలో ఒకే పని మీద ఉన్న ఇద్దరు మనుషులవుతారు.

భయం కూడా ఉంది. 1811లో న్యూమార్కెట్‌లో గుర్రాలు తాగే తొట్టెల్లో ఎవరో పాషాణం కలిపారు. గుర్రాలు చనిపోయాయి. ఆ పని చేసిన డేనియల్ డాసన్‌ని 1812 ఆగస్టులో కేంబ్రిడ్జ్‌లో వేలమంది ముందు ఉరి తీశారు. గుర్రం ఓడిపోతుందని పందెం కాసినవాళ్ళకి డబ్బు రావాలి, అందుకు గుర్రం చావాలి. ఆ ఏడాది దారిలో నడుస్తున్న ఏ కుర్రాడైనా గుర్రానికి నీళ్ళు పెట్టే ముందు తను ఒక గుక్క తాగి చూడడా? మన అమ్మాయి తాగి చూస్తుంది. యజమాని ఆ పని చూస్తాడు. నా లెక్కలో వాళ్ళ ప్రేమకథ అక్కడ మొదలైంది.

చావుని దాచకూడదని ఎందుకన్నానో చెప్తానన్నాను. 1844 డెర్బీలో వేషం వేసిన గుర్రమే ఒకటి పరిగెత్తింది. రన్నింగ్ రీన్ అన్న పేరుతో గెలిచిన గుర్రం నిజానికి మకాబియస్ అనే నాలుగేళ్ళ గుర్రం. డెర్బీ మూడేళ్ళ గుర్రాలకే. గుర్రం వయసు పళ్ళు చూస్తే తెలిసిపోతుంది. కేసు కోర్టుకి వెళ్ళింది. జడ్జి ఆల్డర్సన్ గుర్రాన్ని తెచ్చి చూపించమన్నాడు. తేలేకపోయారు, అది ఎక్కడో మాయమైంది. గెలుపు రెండో స్థానంలో వచ్చిన ఆర్లాండోకి ఇచ్చారు. అది మోసానికి వేసిన వేషం. ఉన్న పనితనాన్ని వాడుకోవడానికి వేరే దారి లేక వేసిన వేషం వేరు. ఈ రెండిటి మధ్య గీత చెరిగిపోకుండా చూసుకోవాలి. మన అమ్మాయి పేరు దాచింది గానీ గుర్రం గురించి ఒక్క అబద్ధం ఆడలేదు.

ఇప్పుడు 1966 సంగతి.

లిల్లీ లాంగ్‌ట్రీ పేరు మీలో కొందరు వినే ఉంటారు, పేరున్న నటి. ఆమె గుర్రం మెర్మన్ 1897లో సిజేరవిచ్, 1900లో ఆస్కాట్ గోల్డ్ కప్ అనే రేసులు గెలిచింది. ఆ గుర్రాన్ని ఆమె పరిగెత్తించింది మిస్టర్ జెర్సీ అన్న పేరుతో. గుర్రాలున్న ఇంకో పెద్దింటావిడ, మాంట్రోజ్ డచెస్, మిస్టర్ మాంటన్ అన్న పేరు పెట్టుకుంది. ఇద్దరూ మగబట్టలు తొడగలేదు. కాగితం మీద మాత్రం మగవాళ్ళయ్యారు.

శిక్షణ ఇచ్చేవాళ్ళ కథ ఇంకా బాధగా ఉంటుంది. హెలెన్ జాన్సన్ హౌటన్ భర్త 1952లో ప్రమాదంలో పోయాడు. లాయం నడిపింది ఆమె. ఆమె చేతిలో తయారైన జిల్ ద రే అనే గుర్రం 1956లో 2000 గినీస్ అనే పెద్ద రేసు గెలిచింది. రికార్డులో ట్రైనర్‌గా ఉన్నది చార్లెస్ జెర్డీన్ అనే ఆయన పేరు. ఎందుకంటే జాకీ క్లబ్ అప్పట్లో ఆడవాళ్ళకి ట్రైనర్ లైసెన్స్ ఇచ్చేది కాదు. ఇంకొక్క సంగతి చెప్తాను. హెలెన్‌కి కవల సోదరుడు ఉన్నాడు, ఫుల్క్ వాల్విన్. ఆయన పేరున్న ట్రైనర్. ఒకే కడుపున ఒకే రోజు పుట్టిన ఇద్దరు, ఇద్దరికీ గుర్రాలే లోకం. ఒకరి పేరు పుస్తకంలో ఉంది, ఇంకొకరి పేరు లేదు. తమ్ముడి బట్టలు తొడుక్కున్న అమ్మాయి కథ చదివినప్పుడల్లా నాకు ఈవిడ గుర్తొస్తుంది.

ఫ్లారెన్స్ నేగల్ అనే ఇంకో ట్రైనర్ ఊరుకోలేదు. ఆమె గుర్రాలకి లైసెన్స్ ఆమె దగ్గర పనిచేసే హెడ్ లాడ్, అంటే లాయం కుర్రాళ్ళ పెద్ద, పేరు మీద ఉండేది. పనివాడికి ఇస్తారు, పని నేర్పిన యజమానురాలికి ఇవ్వరు. ఆమె జాకీ క్లబ్ మీద కోర్టుకెళ్ళింది. 1966లో అప్పీల్ కోర్టులో జడ్జి లార్డ్ డెనింగ్ ఆమె వాదన వినదగ్గదే అన్నాడు, క్లబ్ దిగివచ్చింది. అప్పటికి నేగల్‌కి డెబ్బై దాటింది. ఆ ఆగస్టులోనే నోరా విల్మాట్ అనే మరో ట్రైనర్ గుర్రం బ్రైటన్‌లో గెలిచింది. ఆమె కూడా ఏళ్ళ తరబడి మరొకరి పేరు చాటున పనిచేసినావిడే. ఈసారి గెలిచిన గుర్రం పక్కన ఆమె సొంత పేరే అచ్చయింది. జాకీలుగా ఆడవాళ్ళని రానిచ్చింది 1972లో. ఆడ గుర్రానికి మాత్రం ఈ అడ్డు లేదు, చూడండి. 1801లో ఎలినర్ అనే ఆడ గుర్రం మగ గుర్రాలని ఓడించి డెర్బీ గెలిచింది, ఆ వెంటనే ఓక్స్ కూడా.

అందుకే వేషం నమ్మేలా లేదు అని ఎవరైనా అంటే నేను ఈ పేర్లు చెప్తాను. నవలలో అమ్మాయి టోపీ పెట్టుకుంటే మనకి అనుమానం వస్తుంది. నిజంగా బతికినవాళ్ళు టోపీ లేకుండానే, అందరికీ తెలిసే, ఆ వేషంలో ఏళ్ళకేళ్ళు ఉన్నారు.

ఇక రహస్యం బయటపడే సీను. టోపీ గాలికి ఎగరడం, చొక్కా చిరగడం, చెరువులో పడడం, ఇవి నాకు నచ్చవు. ఇంకొకటి అసలు నచ్చదు. నాయకుడికి ముందే తెలిసిపోయి, తెలియనట్టు నటిస్తూ ఆమె ఇబ్బందిని చూసి ఆనందించడం. అతను యజమాని, ఆమె అతని దగ్గర జీతానికి ఉంది. అలా ఆడుకునేవాణ్ణి నేను ప్రేమికుడు అనలేను.

నా సీను ఒక రాత్రి. సత్రం లాయంలో గుర్రప్పిల్లకి కడుపునొప్పి. గుర్రం వాంతి చేసుకోలేదు, అందుకే దానికి కడుపునొప్పి అంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. డొక్క వైపు తల తిప్పి చూసుకుంటుంది, కాలితో నేల గీరుతుంది, పడి దొర్లబోతుంది. దొర్లనివ్వకుండా నడిపించాలి. యజమాని లాంతరు పట్టుకుని వస్తాడు. ఆమె అతనెవరో మరిచిపోతుంది, గొంతు మార్చడం మరిచిపోతుంది. "అటు రండి. తల పట్టుకోండి. ఆగకండి, నడిపిస్తూనే ఉండండి." రాత్రంతా ఆమె చెప్తుంది, అతను చేస్తాడు. తెల్లవారుజామున గుర్రప్పిల్ల లద్దె వేస్తుంది. గండం గడిచిందనడానికి అదే గుర్తు. ఇద్దరూ గోడకి చేరగిలబడి ఆ లద్దె వైపు చూస్తూ ఏడ్చినంత పని చేస్తారు. అతనికి తెలిసిపోయింది. ఆమెకీ తెలుసు అతనికి తెలిసిపోయిందని. అతను అడిగేది ఒకటే: "ఇంత పని ఎక్కడ నేర్చుకున్నారు?" నిన్నటి దాకా నువ్వు. ఇవాళ మీరు. ఇంగ్లీషులో ఆ తేడా పలకదు. తెలుగులో రాస్తే ఆ ఒక్క మాటలో సీనంతా పడుతుంది.

ముగింపు దగ్గర నాకు చాలాకాలం దిగులుండేది. పెళ్ళి. ఆనాటి ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్ళితో భార్య డబ్బు, నగలు, పశువులు అన్నీ భర్తవి అయిపోతాయి. 1870లో కొంత, 1882లో పూర్తిగా మారేదాకా అదే చట్టం. అంటే తండ్రి ప్రేమగా ఆమెకి ఇచ్చిన గుర్రప్పిల్ల చర్చి నుంచి బయటికి వచ్చేసరికి అతనిది. అతను పేకాటలో పెట్టినా అడిగే హక్కు లేదు. ఏ గుర్రం కోసం ఇన్నాళ్ళు వేషం వేసిందో అదే పోయాక అది సుఖాంతం ఎలా అవుతుంది?

తర్వాత తెలిసింది, దీనికి ఆ రోజుల్లోనే ఒక దారి ఉంది. పెళ్ళికి ముందు లాయరు చేత ఒప్పందం రాయించి, ఆస్తిని ధర్మకర్తల చేతిలో ఆమె సొంత వాడకానికి అని పెట్టవచ్చు. ఛాన్సరీ కోర్టు దాన్ని కాపాడేది. కలిగినవాళ్ళు తమ కూతుళ్ళ కోసం ఇలా రాయించుకునేవాళ్ళు. మన అమ్మాయి తండ్రికి అంత స్తోమత లేదు, ఆయన మంచం మీద ఉన్నాడు. కాబట్టి రాయించాల్సింది పెళ్ళికొడుకే.

నా కథలో అతను రాయిస్తాడు. ఒక ఆడ గుర్రం, దానికి ఇకముందు పుట్టబోయే పిల్లలు, దాని గెలుపు డబ్బు, ఏదీ నాది కాదు, నా అప్పులవాళ్ళదీ కాదు అని. లాయరు ఆఫీసులో అతను సంతకం పెడుతుంటే ఆమె అతని ముఖం చూడదు. గుర్రం కాళ్ళు తడిమి చూసేటప్పుడు అతను తన చేతుల్ని ఎలా చూసేవాడో, ఇప్పుడు ఆమె అతని చేతిని అలా చూస్తూ ఉంటుంది.